"నేనేం తప్పు చేశాను?" అని అడిగే తల్లికి

అందరికీ నమస్కారం.

నేను జన్యు సలహాలు ఇచ్చే డాక్టర్ని. బిడ్డకు పుట్టుకతో ఏదో లోపం ఉందని తెలిసినవాళ్ళు, వరసగా రెండు మూడు గర్భాలు పోయినవాళ్ళు, స్కానింగ్‌లో ఏదో తేడా ఉందంటే భయపడి పరుగున వచ్చినవాళ్ళు నా దగ్గరికి వస్తుంటారు. రిపోర్టులన్నీ చూసి, రెండు వైపుల కుటుంబాల వివరాలు రాసుకుని, చెప్పాల్సిందంతా చెప్పాక, "ఇంకేమైనా అడగాలా అమ్మా?" అంటాను. అసలు ప్రశ్న అప్పుడొస్తుంది. గొంతు తగ్గించి, పక్కన కూర్చున్న భర్త వైపు చూడకుండా అడుగుతారు: "నేనేమైనా తప్పు చేశానా డాక్టర్ గారూ?"

ఆ రోజు బరువు ఎత్తాను. ఆ రాత్రి జ్వరానికి మాత్ర వేసుకున్నాను. ఇంట్లో గొడవై మూడు రోజులు ఏడుస్తూనే ఉన్నాను. ఒక్కొక్కరి దగ్గర ఒక్కో జాబితా ఉంటుంది. ఎన్నో రాత్రులు నిద్ర లేకుండా రాసుకున్న జాబితా అది. "లేదమ్మా, నీ తప్పేం లేదు" అని భుజం తట్టి పంపించేయొచ్చు. కానీ ఆ తల్లి ఓదార్పు కోసం రాలేదు, జవాబు కోసం వచ్చింది. ఈ సాయంత్రం నేను మాట్లాడేది ఆ జవాబు గురించే.

మొదట కొన్ని అంకెలు చెప్పనివ్వండి. పుట్టే ప్రతి 100 మంది పిల్లల్లో సుమారు ముగ్గురికి చెప్పుకోదగ్గ లోపం ఏదో ఒకటి ఉంటుంది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్న తల్లులకు కూడా ఇది తప్పదు. అందులో సగానికి పైగా కేసుల్లో ఇదీ కారణం అని వేలు పెట్టి చూపించలేం. ఇక గర్భం నిలిచిందని తెలిసిన తర్వాత కూడా 100లో 10 నుంచి 15 వరకు పోతాయి, ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే. అలా తొలి నెలల్లో పోయినవాటిని పరీక్షిస్తే దాదాపు సగం వాటిలో క్రోమోజోముల, అంటే కణంలో జన్యువులుండే పోగుల, లెక్క తప్పి ఉంటుంది.

ఆ లెక్క ఎప్పుడు తప్పుతుందో చూడండి. ఒక ఆడపిల్ల తన తల్లి కడుపులో ఉండగానే ఆమె అండాలన్నీ తయారైపోతాయి. అవి విభజన మొదలుపెట్టి, సగంలో ఆగిపోతాయి. ఆమెకు 35 ఏళ్ళ వయసులో విడుదలయ్యే అండం 35 ఏళ్ళకు పైగా అలా ఆగి ఉన్నదే. క్రోమోజోములను జతగా పట్టి ఉంచే ప్రోటీన్ల పట్టు ఆ ఏళ్ళలో సడలుతూ వస్తుంది. విడుదలకు కొన్ని గంటల ముందు ఆగిన విభజన మళ్ళీ మొదలవుతుంది. అప్పుడు ఒక జత సరిగ్గా విడిపోకపోతే అండంలోకి ఒక క్రోమోజోము ఎక్కువో తక్కువో వెళ్తుంది. 21వ క్రోమోజోము ఇలా మూడు ఉంటే అది డౌన్ సిండ్రోమ్ అని 1959లో ఫ్రాన్స్‌లో జెరోమ్ లెజూన్, మార్థ్ గోతియే ఉన్న బృందం చూపించింది. తల్లి వయసు 25 అయితే డౌన్ సిండ్రోమ్‌తో బిడ్డ పుట్టే అవకాశం సుమారు 1,250 లో ఒకటి. 40 అయితే 100లో ఒకటి. అంటే గర్భం రాకముందే, ఒక్క అండంలో, కొన్ని గంటల్లో జరిగిపోయిన విషయం ఇది. ఆమె ఎత్తిన బరువుకు గానీ, కార్చిన కన్నీళ్ళకు గానీ దీనితో ఏ సంబంధమూ లేదు.

తండ్రుల సంగతీ చెప్పాలి. వీర్యకణాలు జీవితాంతం కొత్తగా తయారవుతూనే ఉంటాయి. తయారైన ప్రతిసారీ డీఎన్ఏను నకలు తీయాలి, నకలు తీసిన ప్రతిసారీ అక్షరదోషం దొర్లే అవకాశం ఉంది. ఐస్‌లాండ్ కుటుంబాల జన్యువులను పూర్తిగా చదివిన పరిశోధకులు 2012లో చెప్పిందేమిటంటే, తండ్రి వయసు ఒక ఏడాది పెరిగితే బిడ్డలో కొత్త జన్యు మార్పులు సుమారు రెండు పెరుగుతాయి. వాటిలో దాదాపు అన్నీ ఏ హానీ చేయనివే. కానీ కాళ్ళూ చేతులూ పొట్టిగా ఉండే ఎకాండ్రోప్లేసియా లాంటివి ఎక్కువగా ఇలా కొత్తగా వచ్చిన మార్పు వల్లే వస్తాయి, ఆ మార్పు తండ్రి వైపు నుంచే వస్తుంది. నేను తండ్రులను దోషులుగా నిలబెట్టడం లేదు. తన వయసును తగ్గించుకోవడం ఎవరి చేతిలోనూ ఉండదు. నాకు బాధ కలిగించేది ఒకటే. ఇన్నేళ్ళలో "నేనేమైనా తప్పు చేశానా?" అని నన్ను అడిగిన తండ్రులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఇక బయటి నుంచి వచ్చి బిడ్డను తాకేవాటి దగ్గరికి వద్దాం. మందులు, మద్యం, ఇన్ఫెక్షన్లు, సీసం, పాదరసం ఇవన్నీ. ఒకప్పుడు వైద్యులు కూడా మాయను, అంటే ప్లాసెంటాను, ఒక గోడ అనుకునేవాళ్ళు. తల్లికి ఏమైనా బిడ్డ ఆ గోడ వెనక భద్రంగా ఉంటుందని నమ్మేవాళ్ళు. బిడ్డకు లోపం ఉంటే అది వంశంలోనే ఉందనేవాళ్ళు.

ఆ నమ్మకాన్ని మొదట గట్టిగా కదిలించింది ఒక కంటి డాక్టర్. ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే ఆయన దగ్గరికి పుట్టుకతోనే కంటిలో శుక్లాలున్న పసిపిల్లలు వరసగా వచ్చారు. పుట్టుశుక్లాలంటే వంశపారంపర్యం అనేదే అప్పటి మాట. కానీ ఇన్ని కుటుంబాల్లో ఒకేసారి వంశదోషం బయటపడుతుందా? ఆయన తల్లులను కూర్చోబెట్టి అడిగాడు. 1941లో ప్రచురించిన నివేదికలో 78 మంది పిల్లల వివరాలున్నాయి. వాళ్ళలో 68 మంది తల్లులకు గర్భం తొలి రోజుల్లో రుబెల్లా, అంటే మూడు రోజుల్లో తగ్గిపోయే ఆ చిన్న దద్దుర్ల జ్వరం, వచ్చింది. తల్లికి అది జ్వరమని కూడా అనిపించదు. బిడ్డకు మాత్రం కళ్ళు, చెవులు, గుండె దెబ్బతినవచ్చు. జన్యువుల మీద వేసిన నింద అక్కడ తప్పయింది, అసలు కారణం ఒక వైరస్. ఈ రోజు దానికి టీకా ఉంది. ఆ టీకా గర్భం రావడానికి కనీసం ఒక నెల ముందు వేసుకోవాలి, గర్భంతో ఉన్నప్పుడు వేయరు.

దీనికి సరిగ్గా ఎదురు కథ ఇంకొకటుంది. నాకు ఈ మొత్తం శాస్త్రంలో అన్నిటికంటే లోతుగా తగిలిన కథ అది. కొంచెం వివరంగా చెబుతాను.

థాలిడోమైడ్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 1957లో పశ్చిమ జర్మనీలో అమ్మకానికి వచ్చిన నిద్రమాత్ర. వేవిళ్ళకు కూడా బాగా పనిచేస్తుందని ఇచ్చారు. పూర్తిగా సురక్షితం అన్నారు. 1961 చివర్లో జర్మనీలో విడుకిండ్ లెంజ్, ఆస్ట్రేలియాలో విలియం మెక్‌బ్రైడ్ ఎవరికి వారే విడివిడిగా హెచ్చరించాక అది మార్కెట్ నుంచి వెనక్కి వచ్చింది. అప్పటికే చేతులూ కాళ్ళూ సరిగ్గా ఏర్పడకుండా పుట్టిన పిల్లలు దాదాపు 10,000 మంది. అమెరికాలో ఆ విషాదం చాలావరకు తప్పింది. ఫ్రాన్సెస్ కెల్సీ అనే మందుల తనిఖీ అధికారిణి, కంపెనీ ఎంత ఒత్తిడి చేసినా, సరైన ఆధారాలు చూపించేదాకా సంతకం పెట్టనని కూర్చుంది. ఆమె అనుమానించింది నరాలకు హాని గురించి. కానీ అడగాల్సిన ప్రశ్న అడిగింది, అది చాలు.

ఆ మాత్ర హాని చేసిన కాలం ఎంతో తెలుసా? ఫలదీకరణ, అంటే అండం వీర్యకణంతో కలవడం, జరిగిన 20వ రోజు నుంచి దాదాపు 36వ రోజు వరకు. ఆ రెండు వారాలే. అందులోనూ ముందు రోజుల్లో వేసుకుంటే చెవులు, తర్వాత రోజుల్లో చేతులు, ఇంకాస్త తర్వాత కాళ్ళు దెబ్బతిన్నాయి. ఏ అవయవం ఏ రోజు మొలకెత్తుతోందో ఆ రోజు దానికి దెబ్బ. ఆ గడువు దాటాక వేసుకున్నవాళ్ళలో కాళ్ళూ చేతులూ మామూలుగానే ఉన్నాయి. ఒకే మందు, ఒకే మోతాదు, తేదీ ఒక్కటే తేడా.

అసలు అది ఎలా చేసింది అన్నది తేలడానికి మరో యాభై ఏళ్ళు పట్టింది. ఆ మందు మన కణాల్లో ఉండే సెరెబ్లాన్ అనే ప్రోటీన్‌కు అతుక్కుంటుందని 2010లో జపాన్ శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. అలా అతుక్కున్నాక, కణం తనకు అవసరమైన వేరే ప్రోటీన్లను చెత్త అనుకుని నరికి పారేస్తుంది. అలా నరికేసేవాటిలో సాల్4 అనే ప్రోటీన్ ఉందని 2018లో తెలిసింది. చేతులు ఏర్పడటానికి ఆ సాల్4 కావాలి. ఎలుకల్లో ఈ ప్రోటీన్ల నిర్మాణంలో చిన్న చిన్న తేడాలున్నాయి. అందుకే ఆ మందు ఇచ్చి చూసినా ఎలుక పిల్లలకు ఏమీ కాలేదు.

ఇప్పుడు అసలు విషయం. ఏ మందూ వేసుకోని కొన్ని కుటుంబాల్లో, సాల్4 తయారుచేసే జన్యువులోనే లోపం ఉంటుంది. ఆ పిల్లల చేతులు చూస్తే అచ్చం థాలిడోమైడ్ పిల్లల చేతుల్లాగే ఉంటాయి. అంతేకాదు, థాలిడోమైడ్ వల్లే తమకిలా అయిందని జీవితమంతా అనుకున్న కొందరికి పెద్దయ్యాక అలాంటి చేతులతోనే పిల్లలు పుట్టారు. మందు ప్రభావం తరాలు దాటి వస్తోందా అని అప్పట్లో పెద్ద కలవరం రేగింది. 2003 ప్రాంతంలో పరీక్షిస్తే అలాంటి కొన్ని కుటుంబాల్లో సాల్4 జన్యువులో మార్పు కనిపించింది. ఒక్కసారి ఆలోచించండి. అలాంటి కుటుంబంలో ఒక తల్లి, తాను మింగిన మాత్ర వల్లే బిడ్డకు ఇలా అయిందని ఎన్ని దశాబ్దాలు కుమిలిపోయి ఉంటుందో.

జన్యువులా, పరిసరాలా అని మనం తరచూ వాదించుకుంటాం. ఇక్కడ జన్యువు పోగొట్టిందీ, మందు నరికిందీ ఒకే ప్రోటీన్. తలుపు ఒకటే, తట్టిన చేతులు రెండు. బిడ్డ చేతిని చూసి ఎవరు తట్టారో చెప్పలేం, పరీక్ష చేయాల్సిందే. అందుకే తెలియకుండా నింద వేయకండి అని నేను అంత గట్టిగా అంటాను.

చాలా లోపాల్లో రెండు చేతులూ కలిసే పని చేస్తాయి. గ్రహణం మొర్రినే తీసుకోండి. ఆకాశంలో జరిగిన దాన్ని తెచ్చి తల్లి మీద వేసిన పేరు అది. నిజానికి ఫలదీకరణ తర్వాత నాలుగో వారం నుంచి ఏడో వారం మధ్య, రెండు వైపుల నుంచి వచ్చే కణజాలం మధ్యలో కలిసి పైపెదవి అవుతుంది. ఆ కలయిక కుదరకపోతే చీలిక మిగిలిపోతుంది. ఐఆర్ఎఫ్6 అనే జన్యువులో కొన్ని తేడాలుంటే ఆ అవకాశం పెరుగుతుంది. తల్లి పొగ తాగినా పెరుగుతుంది. డయాబెటిస్ అదుపులో లేకపోయినా పెరుగుతుంది. అయినా ఒకే అండం నుంచి పుట్టిన కవలల్లో, ఒకే జన్యువులు, ఒకే గర్భం ఉండి కూడా, ఒకరికి మొర్రి వచ్చి ఇంకొకరికి రాకపోవడం మామూలుగా చూస్తాం. అంటే అందులో యాదృచ్ఛికం కూడా ఉంది. ఆ మాట ఒప్పుకోవడం మనకు చాలా కష్టం. కారణం లేకుండా కష్టం వచ్చిందనే కన్నా, నా తప్పే అనుకోవడం మనసుకు కొంత తేలికేమో అని నాకు చాలాసార్లు అనిపించింది.

మద్యం విషయంలో కవలలు ఇంకో సంగతి చెబుతారు. తాగే తల్లికి రెండు వేర్వేరు అండాల నుంచి కవలలు పుడితే, ఇద్దరికీ చేరింది ఒకే మద్యమైనా ఒకరికి తీవ్రంగా, ఒకరికి తక్కువగా దెబ్బ తగిలిన కేసులున్నాయి. ఒకే అండం కవలల్లో ఇద్దరి పరిస్థితీ చాలావరకు ఒకేలా ఉంటుంది. తట్టుకునే శక్తిలో జన్యువుల పాత్ర ఉందని దీని అర్థం. అయితే "మా అమ్మ తాగింది, నాకేం కాలేదు" అనే మాటకు ఇక్కడ విలువ లేదు. మీ బిడ్డ ఏ జన్యువులతో వస్తుందో మీకు ముందు తెలియదు. ఇంతవరకు తాగితే ఏమీ కాదు అని చెప్పగలిగే మోతాదు ఏదీ లేదు. గర్భంలో మద్యం పూర్తిగా వద్దు.

ఇప్పుడు వారాల లెక్క గురించి ఒక మాట. డాక్టర్లు గర్భాన్ని చివరి నెలసరి మొదటి రోజు నుంచి లెక్కిస్తారు. ఫలదీకరణ జరిగేది దానికి రెండు వారాల తర్వాత. నెల తప్పి, టెన్షన్ పడి, టెస్ట్ చేసుకునే రోజుకు మీ లెక్కలో ఒకటి రెండు రోజులే, డాక్టర్ లెక్కలో ఐదో వారం. బిడ్డ మెదడు, వెన్నుపాము అయ్యే నాళం ఫలదీకరణ తర్వాత 28వ రోజుకల్లా మూసుకుపోతుంది. అంటే నెల తప్పాక రెండు వారాలు. మొదటి చెకప్‌కు అపాయింట్‌మెంట్ దొరికేసరికి ఆ పని అయిపోయి ఉంటుంది.

ఆ నాళం మూసుకోవడానికి ఫోలేట్ అనే విటమిన్ కావాలి, మాత్రల్లో ఉండే దాని రూపమే ఫోలిక్ యాసిడ్. అంతకుముందు ఆ నాళం సరిగ్గా మూసుకోని లోపంతో బిడ్డ పుట్టిన తల్లులకు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ ఇస్తే, మళ్ళీ అదే రావడం 72 శాతం తగ్గిందని 7 దేశాల్లో జరిగిన పరీక్ష 1991లో తేల్చింది. మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. ముందు అలాంటి బిడ్డ పుట్టి ఉంటే 4 మిల్లీగ్రాములు, అది డాక్టర్ రాసివ్వాలి. ఎంటీహెచ్ఎఫ్ఆర్ అనే జన్యువులో తేడా ఉందని రిపోర్టు పట్టుకుని కంగారుగా వచ్చేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఆ తేడా చాలా మామూలుగా కనిపించేదే. అది ఉన్నవాళ్ళకు కూడా ఫోలిక్ యాసిడ్ పనిచేస్తుంది. గర్భం గురించి ఆలోచన మొదలైన రోజు నుంచే వేసుకోండి, కనీసం ఒక నెల ముందు నుంచి.

మందుల విషయంలో రెండు వైపులా పొరపాట్లు జరుగుతున్నాయి. మూర్ఛకు వాడే వాల్‌ప్రోయేట్ గర్భంలో వాడితే 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి శారీరక లోపాలు వస్తాయి, 30 నుంచి 40 మందికి మాట, నేర్చుకోవడం లాంటి ఎదుగుదలలో ఇబ్బందులు రావచ్చు. మొటిమలకు వాడే ఐసోట్రెటినోయిన్ గర్భంలో అసలే ఉండకూడదు. ఇవి వాడుతున్న ప్రతి యువతికీ, పెళ్ళయిందా లేదా అని చూడకుండా, ఈ సంగతి ముందే చెప్పడం రాసిచ్చిన డాక్టర్ బాధ్యత. మరోవైపు, గర్భమని తెలియగానే భయపడి మూర్ఛ మాత్రలు తమంతట తామే ఆపేసేవాళ్ళున్నారు. అలా ఆపితే వచ్చే ఫిట్స్ తల్లి ప్రాణానికీ, బిడ్డ ప్రాణానికీ ప్రమాదం. మూర్ఛ మందుల్లోనే లామోట్రిజిన్, లెవెటిరసెటమ్ లాంటి తక్కువ ప్రమాదమున్నవి ఉన్నాయి. మార్చాల్సింది గర్భానికి ముందు, డాక్టర్‌తో కలిసి, నిదానంగా.

ఇక్కడ ఆపుతాను. ఏమైనా అడగాలనుంటే అడగండి.

(సభలోంచి ఒక మహిళ: డాక్టర్ గారూ, ముందే తెలియాలి, ముందే జాగ్రత్తపడాలి అంటున్నారు. మరి తెలియకుండానే గర్భం వచ్చేసినవాళ్ళ సంగతేంటి? వాళ్ళకు ఆలస్యమైపోయినట్టేనా?)

లేదమ్మా, అలా అనుకోవద్దు. మంచి ప్రశ్న అడిగారు. మెదడు తొమ్మిది నెలలూ పెరుగుతూనే ఉంటుంది, కాబట్టి మద్యం గానీ పొగ గానీ ఏ నెలలో ఆపినా ఆ రోజు నుంచి బిడ్డకు లాభమే. ఇంకో ఉదాహరణ చెబుతాను, జన్యువుకూ పరిసరానికీ మధ్య గీత ఎక్కడుందో కూడా అందులో కనిపిస్తుంది.

ఫీనైల్‌కీటోన్యూరియా అనే జన్యు వ్యాధి ఉంది. పీకేయూ అంటాం. ఆహారంలోని ప్రోటీన్ల నుంచి వచ్చే ఫీనైల్‌అలనిన్ అనే పదార్థం ఒంట్లో విరగకుండా పేరుకుపోయి మెదడును దెబ్బతీస్తుంది. 1960ల్లో పుట్టిన వెంటనే మడమ నుంచి రక్తపు చుక్క తీసి దీన్ని పట్టుకునే పరీక్ష వచ్చింది. ప్రత్యేక ఆహారంతో ఆ పిల్లలు మామూలుగా చదువుకుని పెద్దవాళ్ళయ్యారు. కాస్త పెద్దయ్యాక ఆ పత్యం ఇక అక్కర్లేదని చాలామందికి ఆపేశారు. తర్వాత వాళ్ళలో ఆడపిల్లలు తల్లులయ్యారు. వాళ్ళ పిల్లలకు చాలావరకు పీకేయూ లేదు, తండ్రి నుంచి మంచి జన్యువు వచ్చింది. అయినా తల చిన్నదిగా, గుండెలో లోపాలతో పుట్టారు. తల్లి రక్తంలో ఆ పదార్థం బాగా ఎక్కువగా ఉన్నచోట, 10 మంది పిల్లల్లో 9 మందికి బుద్ధిమాంద్యం వచ్చినట్టు 1980లో ప్రచురితమైన వివరాలు చూపించాయి. తల్లి జన్యువే బిడ్డకు పరిసరం అయింది. మాయ ఆ పదార్థాన్ని ఆపకపోగా తల్లి రక్తంలో కంటే ఎక్కువగా బిడ్డ వైపు పోగు చేస్తుంది.

ఆ తల్లులను మళ్ళీ పత్యంలో పెట్టి చూశారు. గర్భానికి ముందే రక్తంలో మోతాదు అదుపులోకి వచ్చినవాళ్ళ పిల్లలు అందరికంటే బాగున్నారు. అది నిజం. కానీ ముందు కుదరక, గర్భం వచ్చాక 8, 10 వారాలకల్లా అదుపులోకి తెచ్చుకున్నవాళ్ళ పిల్లలు కూడా చాలావరకు బాగానే ఎదిగారు. జన్యువు ఏమీ మారలేదు. తినేది మారింది.

అందుకే మీ ప్రశ్నకు నా జవాబు ఇది. తెలిసిన రోజే రండి, వచ్చే వారం చూద్దాం అనుకోవద్దు. వాడిన ప్రతి మందు పేరు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా వాడారో రాసి తీసుకురండి. సిగ్గుపడి ఏదీ దాచకండి. తేదీలు చూస్తే, మీరు భయపడుతున్నది ఆ సమయంలో హాని చేసే అవకాశం ఉందో లేదో చాలాసార్లు అక్కడికక్కడే చెప్పగలను. ఫలదీకరణ తర్వాత మొదటి రెండు వారాల్లో వేసుకున్న మందులైతే, చాలావరకు గర్భం నిలవకపోవడమో, నిలిస్తే ఏ గుర్తూ లేకుండా కోలుకోవడమో జరుగుతుంది. ఆ లెక్క కట్టి చూపించాక, రాసుకొచ్చిన జాబితాలో ఒక్కో మాటా కొట్టేసుకుంటూ వెళ్ళిన తల్లులను నేను చూశాను.

వెనక వరసలో చెయ్యెత్తిన బాబూ, మీరు అడగండి.